అమ్మ గొంతు, అమ్మ చేతులు

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం దగ్గర ఊరు, ఫైన్ ఆర్ట్స్ ఫైనల్ ఇయర్. నా ఏడో తరగతిలో అమ్మ ఖద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ వెళ్లింది, మధ్యలో వచ్చింది రెండుసార్లే. అమ్మ చేతుల ఫొటోలు, వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు కలిపి ప్రాజెక్టుకి వీడియో చేద్దామనుకుంటే, ఇంటి సంగతులు బజార్న పెడతావా అని మావయ్య తిట్టాడు. క్లాసులోనూ ఇదేం ఆర్టు అంటున్నారు. మానేయనా?

జవాబు: మానేయకు తల్లీ. మోనా హటూమ్ అని ఒక ఆర్టిస్టు ఉన్నారు, పాలస్తీనా కుటుంబం, పుట్టింది 1952లో బేరూట్‌లో. 1975లో నాలుగు రోజులుందామని లండన్ వెళ్తే అటు లెబనాన్‌లో యుద్ధం మొదలై లండన్‌లోనే ఉండిపోవాల్సొచ్చింది. 1988లో ఆవిడ చేసిన 'మెజర్స్ ఆఫ్ డిస్టెన్స్' పదిహేను నిమిషాల వీడియో, అందులో ఉన్నది వాళ్లమ్మే: స్నానం చేస్తున్న అమ్మ ఫొటోలు, వాటిమీద తెర కట్టినట్టు అమ్మ అరబిక్‌లో రాసిన ఉత్తరాల అక్షరాలు, ఆ ఉత్తరాలనే ఇంగ్లీషులో చదువుతున్న కూతురి గొంతు. ఆ ఫొటోలంటే వాళ్ల నాన్నకి అస్సలు ఇష్టం లేదు, ఆ సంగతీ ఉత్తరాల్లోనే వస్తుంది, అంటే మీ మావయ్య మాటలాంటిది కూడా అందులో భాగమైపోయింది చూశావా.

మా వీధిలో ఒకావిడ మస్కట్ నుంచి కూతురికి పంపే మెసేజీలు విన్నాను. సగం గుసగుసలే, వెనకాల వాషింగ్ మెషిన్ తిరుగుతుంటుంది, మధ్యలో ఎవరో పిలిస్తే టక్కున ఆగిపోతుంది, మళ్లీ పది నిమిషాలకి ఇంకోటి: కాలవకి నీళ్లొదిలారా, ఊడ్పులు మొదలెట్టారా అని. ఒళ్లు అక్కడ అరవచాకిరీ చేస్తుంటే మనసు మాత్రం ఇక్కడి సార్వా పంట లెక్కేసుకుంటోంది. అందుకే నీ మెసేజీల్లో ఆ చప్పుళ్లు తీసేయొద్దు, ఎడిటింగ్‌లో శుభ్రం చేశావో అమ్మ ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

మన డెల్టాకి వలస కొత్తేం కాదు కదా, ఇక్కడినుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లని బర్మాలో కోరంగీలనేవారు, కోరంగి రేవు పేరే మనుషుల పేరైపోయింది. మా ముత్తాత తమ్ముడు రంగూన్ వెళ్లాడట, అంతవరకే తెలుసు, ఆయన గొంతెలా ఉండేదో చెప్పడానికి మా ఇంట్లో ఇప్పుడు ఒక్కరూ లేరు. నీ ఫోన్లో మీ అమ్మ గొంతుంది.

అయితే ముందు అమ్మనడుగు, మావయ్యని కాదు. ఏ మెసేజ్ వాడుతున్నావో ఒక్కొక్కటీ వినిపించి అడుగు, వద్దన్నది వద్దంతే. వాళ్ల సేటు పేరు, ఆ ఇల్లు, పిల్లల గొంతులు ఎక్కడా రాకూడదు, తేడా వస్తే పోయేది అమ్మ పని. చేతుల ఫొటోలు కూడా ఆవిడనే తీసి పంపమను, ఎలా పెట్టాలో నువ్వు చెప్పకు, ఆవిడకి ఎలా చూపించాలనిపిస్తే అలా. హటూమ్ వాళ్లమ్మ కూడా ఉత్తరంలో సరే అని రాశాకే ఆ ఫొటోలు బయటికొచ్చాయి. మీ అమ్మ సరే అని పంపే మెసేజ్‌ని జాగ్రత్తగా దాచుకో, నేనైతే వీడియో దానితోనే మొదలుపెడతాను.