ఎంపీల్లో ముందున్న సునాక్‌ని కాదని పార్టీ సభ్యులు లిజ్ ట్రస్‌కి ఎందుకు ఓటేశారు?

ప్రశ్న అడిగినవారి అనుమానం ఇది. 2022లో కన్జర్వేటివ్ ఎంపీలు రిషి సునాక్‌ని మొదటి స్థానంలో నిలబెట్టారు, సభ్యుల దగ్గరికొచ్చేసరికి ఆయన ఓడిపోయారు, దీనికి ఒంటి రంగే కారణమా అని. ఆ ఎన్నికలో నాకు ఓటుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను, 2018 నుంచి ఆ పార్టీ సభ్యుణ్ణి. అందుకని నా కళ్ళతో చూసింది చెప్తాను.

ముందు ఒక లెక్క. ఎంపీలు వడపోసి ఇద్దర్ని మిగులుస్తారు, ఆ ఇద్దర్లో నాయకుడెవరో తేల్చేది సభ్యులు. పార్టీ అప్పుడు అధికారంలో ఉంది కాబట్టి ఆ నాయకుడే ప్రధాని. జూలై 20న ఎంపీల చివరి రౌండులో సునాక్‌కి 137, ట్రస్‌కి 113, పెన్నీ మోర్డాంట్‌కి 105 ఓట్లొచ్చాయి. మొత్తం 355లో 137 అంటే నలభై శాతం కూడా కాదు. ఎంపీలంతా ఆయన వెంటే ఉన్నారన్న మాట అక్కడే నిలవదు. ఓటున్న సభ్యులం సుమారు 1,72,000 మందిమి. సెప్టెంబర్ 5న ఫలితం చెప్పారు: ట్రస్‌కి 81,326, సునాక్‌కి 60,399.

మా శాఖలో ఒక పెద్దావిడ ఉన్నారు, అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. కౌన్సిల్ ఎన్నికలొస్తే కరపత్రాలు మడిచేది ఆవిడ వంటింటి బల్ల మీదే. టీ స్పూను వీపుతో మడత మీద గట్టిగా ఒక్కసారి గీసి, పది పది చొప్పున రబ్బరు బ్యాండు వేసి నా చేతికిచ్చేవారు. 2020లో ఈవిడే సునాక్ పేరెత్తితే మురిసిపోయేవారు. లాక్‌డౌన్‌లో జీతంలో 80 శాతం దాకా ప్రభుత్వం కట్టిన ఫర్లో పథకం ఆయన ఆర్థిక మంత్రిగా తెచ్చిందే. ఆవిడ మనవడి ఉద్యోగం దానివల్లే నిలబడింది.

ఆగస్టులో బ్యాలెట్ కవరు నా ముందే తెరిచి, కళ్ళజోడు తుడుచుకుని, ట్రస్ పేరు పక్కన గుర్తు పెట్టారు. ఎందుకని అడిగితే పన్నుల సంగతి ఎత్తనే లేదు. "బోరిస్‌ని దించింది అతనే కదా" అన్నారు, అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ గురించి. జూలై 5న ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ రాజీనామా చేసిన కాసేపటికే సునాక్ కూడా రాజీనామా చేశారు. దాని వెనకే మంత్రులు వరసగా తప్పుకున్నారు, రెండ్రోజుల్లో జాన్సన్ కూడా దిగిపోతానని ప్రకటించాల్సి వచ్చింది. ట్రస్ మాత్రం విదేశాంగ మంత్రిగా చివరిదాకా ఆ కేబినెట్‌లోనే ఉన్నారు. వెన్నుపోటు అన్న మాట తెలుగువాళ్ళకి వివరించక్కర్లేదు. ఆ ముద్ర ఒకసారి పడితే ఎంత సమర్థుడైనా కడుక్కోవడం కష్టం. 2019లో జాన్సన్‌ని ఎన్నుకున్నది ఈ సభ్యులే. తాము ఎంచుకున్న మనిషిని తమనడక్కుండా పక్కన పెట్టారన్న బాధ వాళ్ళలో నిజంగా ఉంది.

రెండో కారణం పన్నులు. జీతంలోంచి కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 1.25 పాయింట్లు పెంచింది సునాక్, కంపెనీల లాభాల మీద వేసే కార్పొరేషన్ పన్నుని 19 నుంచి 25 శాతానికి తీసుకెళ్తానన్నదీ ఆయనే. ట్రస్ ఆ రెండూ వద్దన్నారు. తక్కువ పన్నులంటేనే ఈ పార్టీ అని నమ్మి ముప్ఫై ఏళ్ళుగా చందా కడుతున్న మనిషికి, అప్పు చేసి పన్ను తగ్గిస్తే వడ్డీలు పెరుగుతాయన్న సునాక్ హెచ్చరిక పక్క పార్టీవాడి మాటలాగా వినిపించింది. ఆయన భార్య నాన్-డామ్ హోదా (విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను కట్టక్కర్లేని వెసులుబాటు), ఆయన అమెరికా గ్రీన్ కార్డు గురించి ఏప్రిల్‌లోనే పేపర్లనిండా వచ్చింది. అది కూడా మనసుల్లో ఉండిపోయింది.

ఇక రంగు. లేనే లేదంటే అబద్ధం. ఒక సమావేశంలో "అతను అసలు ఇక్కడివాడేనా" అని ఒకాయన అనడం చెవులారా విన్నాను. సౌతాంప్టన్‌లో పుట్టిన మనిషిని! గదిలో ఎవరూ వత్తాసు పలకలేదు, ఎవరూ ఖండించనూ లేదు. నేనూ ఖండించలేదు, అది నాకిప్పటికీ బాధే. కానీ 21 వేల ఓట్ల తేడా అంతా దానికే కట్టలేను. రెండేళ్ళ తర్వాత ఇదే సభ్యత్వం, నైజీరియన్ తల్లిదండ్రులకి పుట్టి లాగోస్‌లో పెరిగిన కెమీ బేడనాక్‌ని రాబర్ట్ జెన్రిక్ మీద 53,806 – 41,388 ఓట్లతో గెలిపించింది.

లేబర్ పార్టీలోనూ ఇదే తీరు. 2015లో నాయకత్వ పోటీలో దిగడానికి జెరెమీ కార్బిన్‌కి కావలసిన 35 మంది ఎంపీల మద్దతు ఆఖరి నిమిషాల్లో గానీ దొరకలేదు. వాళ్ళలో కొందరు ఆయన గెలవాలని కాదు, పోటీలో ఉంటే చర్చ జరుగుతుందని సంతకం పెట్టారు. సభ్యులూ, మూడు పౌండ్లు కట్టి చేరినవాళ్ళూ కలిసి 59 శాతం పైగా ఓట్లతో ఆయన్నే నాయకుణ్ణి చేశారు. ఎంపీకి తన సీటు భయం ఉంటుంది. జీతం లేకుండా వానలో తలుపులు తట్టే సభ్యుడికి, తను చేరిన పార్టీ తనదిలా మిగిలిందా లేదా అన్నదే ముఖ్యం.

నేను సునాక్‌కే వేశాను. వడ్డీల గురించి ఆయన చెప్పింది సబబనిపించింది, నిజమే. కానీ మా వాట్సాప్ గ్రూపుల్లో "మన అల్లుడు" అంటూ తిరిగిన మెసేజ్‌ల ప్రభావం నా మీద లేదనలేను. ఆ పెద్దావిడకి ట్రస్ ఎలా తనమనిషి అనిపించారో, నాకు ఆయన అలా అనిపించారు. సెప్టెంబర్ 23న ట్రస్ ప్రభుత్వం అప్పు చేసి పన్నులు తగ్గించే మినీ బడ్జెట్ పెట్టింది. అక్టోబర్‌లో ఇంటి లోన్ల మీద రెండేళ్ళ ఫిక్స్‌డ్ వడ్డీ రేటు 6 శాతం దాటింది. మా ఇంటి లోను అప్పుడే రెన్యువల్‌కి వచ్చింది, ఆ టెన్షన్‌లో మా ఆవిడా నేనూ చాలా రాత్రులు నిద్రపోలేదు.

ట్రస్ రాజీనామా చేశాక, అక్టోబర్ 24న సునాక్ పోటీ లేకుండా నాయకుడయ్యారు. ఆ రోజు దీపావళి. సాయంత్రం ఆ పెద్దావిడని ఇంటికి పిలిచి సున్నుండలు పెట్టాం. నన్ను దగ్గరికి తీసుకుని, మీ వాళ్ళందరికీ పండగ రోజు మంచి కబురని సంతోషపడ్డారు. కాసేపాగి, "ఈసారి నాకు కాగితం రాలేదు" అన్నారు.