పదిహేను వేల గిటారా, లక్షన్నర గిటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. రెండేళ్లుగా అకౌస్టిక్ గిటార్ నేర్చుకుంటోంది. ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటోంది. షాపులో ఒకటి పదిహేను వేలు, ఒకటి నలభై ఐదు వేలు, ఇంకొకటి లక్షన్నర అన్నారు. నా కంటికి మూడూ ఒకేలా ఉన్నాయి. ‘పదిహేను వేలది బొమ్మండీ, పిల్ల చెయ్యి పాడైపోతుంది’ అన్నాడు షాపతను. నేను కరెంటు లైన్‌మన్‌ని. నలభై ఐదు వేలంటే అప్పు చెయ్యాల్సిందే. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, తుని

జవాబు: అప్పు చెయ్యకండి. ముందు ఆ మాట చెప్పి, తర్వాత కారణాలు చెప్తాను. విశాఖలో పద్దెనిమిదేళ్లుగా గిటార్లు బాగుచేస్తున్నాను, ఈ మూడు ధరలవీ నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి.

ఒకేలా ఉన్నాయన్నారు, నిజమే. ఫెండర్ కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్ అనే మోడల్ తెచ్చింది. మీరు చూసింది బహుశా ఆ ఆకారమే. తక్కువ ధర గిటార్లకు అదే కంపెనీ 1982 నుంచి స్క్వయర్ అన్న పేరు వాడుతోంది. మధ్య రకం మెక్సికోలోని ఎన్సెనాడాలో, పై రకం కాలిఫోర్నియాలోని కరోనా ఊళ్లో తయారవుతాయి. తీగ కొలత మాత్రం అన్నిటికీ ఒకటే, ఇరవై అయిదున్నర అంగుళాలు. నెక్ అంటే వేళ్లు ఆడే పొడవాటి పిడి, దాని మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు ఫ్రెట్లు. వాటి మధ్య ఎడమూ ఒకటే. చవక దాని మీద నేర్చిన వేళ్లు ఖరీదైన దాని మీద తడబడవు. చెయ్యి పాడవుతుందన్న మాటలో కాస్త నిజం ఉంది కానీ, దానికి మందు లక్షన్నర కాదు.

డబ్బు తేడా ఎక్కువగా చేతిపనిలో ఉంటుంది. చెక్కను కోసే పని ఇప్పుడు చవక గిటార్లకు కూడా కంప్యూటర్‌తో నడిచే యంత్రాలే చేస్తాయి, కొలత తప్పదు. తేడా ఫ్రెట్ల దగ్గర మొదలవుతుంది. పోయిన వేసవిలో ఒకమ్మాయి తన చవక గిటార్ తెచ్చింది. ఎడమచేతి చూపుడువేలు పక్కన పిల్లి గీరినట్టు సన్నటి గీతలు. నెక్ అంచు మీద అరచెయ్యి జరిపితే రంపం పళ్లు తగిలినట్టుంది. ఎండకు చెక్క ఆరి కుంచించుకుపోయింది, లోహపు ఫ్రెట్లు అలాగే ఉండిపోయి చివర్లు బయటికి పొడుచుకొచ్చాయి. ఇరవై రెండు ఫ్రెట్లు, రెండు పక్కలా కలిపి నలభై నాలుగు చివర్లు. సన్న ఆకురాయితో ఒక్కోటీ గుండ్రంగా అరగదీశాను. ఒక పూట పట్టింది. మంచి గిటార్‌కి ఆ పూట పని ఫ్యాక్టరీలోనే అయిపోయి ఉంటుంది, దాని ధరలో ఆ కూలి కూడా ఉంటుంది.

వీణకైతే మెట్లను మైనంలో, చెవితో వింటూ అమరుస్తారు. తేడా వస్తే మళ్లీ మేళం కట్టించుకోవచ్చు. గిటార్‌కి ఆ వెసులుబాటు లేదు, గాడి కోసి ఫ్రెట్ దిగ్గొట్టారంటే అంతే. అందుకే ఆ పనిలో శ్రద్ధకి అంత విలువ.

ఇక శబ్దం. రెండేళ్ల కిందట నా దగ్గర ఈ మూడు ధరల గిటార్లూ ఒకే వారంలో ఉన్నాయి. మూడింటికీ ఒకే రకం కొత్త తీగలు వేసి, ఒకే ఆంప్‌కి (శబ్దం పెంచే యాంప్లిఫయర్‌కి) కలిపి, నలుగురు కుర్రాళ్లను గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. ఒకే రాగం మూడింటి మీదా వాయించాను. నలుగురిలో ఇద్దరు అన్నిటికంటే చవకదాన్నే లక్షన్నరది అన్నారు. తర్వాత గిటార్లు వాళ్ల చేతికిచ్చాను. పది నిమిషాల్లో చవకదాని మూడో తీగ శ్రుతి జారిపోయింది. ఖరీదైనది గంటసేపు లాగి లాగి వాయించినా కదల్లేదు. చెవికి దొరకని తేడా చేతికి దొరికింది.

అలా శ్రుతి జారడానికి చాలాసార్లు కారణం నట్, అంటే నెక్ చివర తీగలు ఆనే ఆ చిన్న ముక్క. గాడి బిగువుగా ఉంటే తీగ అందులో ఇరుక్కుంటుంది, ‘టింగ్’మని చప్పుడవుతుంది. గాడి సరిచేయించి పెన్సిల్ ముల్లు పొడి రాస్తే చాలావరకు కుదురుతుంది. తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పి పెడితే, అదీ సెటప్‌తో, అంటే తీగల ఎత్తూ నెక్ వంపూ సరిచేయించడంతో, పోతుంది. పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటే హాయిగా ఉంటుంది. షాపతను భయపెట్టింది సెటప్ చెయ్యని గిటార్ గురించి.

మీరు కరెంటు పనివారు కాబట్టి ఒక సంగతి మీకే బాగా అర్థమవుతుంది. పికప్ అంటే తీగ కదలికను పట్టుకోడానికి అయస్కాంతాల మీద వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. ఒంటి కాయిల్ పికప్ ఇంట్లోని 50 హెర్ట్జ్ కరెంటు హమ్మును కూడా పట్టుకుంటుంది. ఖరీదైన స్ట్రాటోకాస్టర్ కూడా గుయ్‌మంటుంది, అది గిటార్ లోపం కాదు. చవక గిటార్లలో లోపలి గుంటకు ఆ హమ్మును ఆపే షీల్డింగ్ అంతంతమాత్రం. రాగి రేకు టేపు అంటించి గ్రౌండుకు సోల్డర్ చెయ్యడం మీకు ఒక ఆదివారం పని. గిటార్ తీగలు ఆంప్ గ్రౌండుకు కలిసే ఉంటాయి. అందుకని ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ముందు మీ టెస్టర్‌తో చూడండి. ఆంప్ ప్లగ్గు మూడో పిన్ను ఎవరు తీసెయ్యమన్నా తీసెయ్యకండి.

ఇంగ్లండులో బ్రయాన్ మే అనే కుర్రాడు 1963లో నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ చెయ్యడం మొదలుపెట్టాడు. నెక్‌కు పాత నిప్పుగూటి చెక్క, స్వరాన్ని ఊపే మీట ట్రెమొలోకు మోటార్ సైకిల్ వాల్వు స్ప్రింగులు, ఫ్రెట్ల గుర్తులకు ముత్యపుచిప్ప గుండీలు. క్వీన్ అనే రాక్ బృందంలో అతను వాయించింది ఆ గిటారే. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి.

నా సలహా: పదిహేను, ఇరవై వేల మధ్యలో పేరున్న కంపెనీది, స్క్వయర్ గానీ యమహా పసిఫికా 012 గానీ చూడండి. షాపుకి అమ్మాయిని తీసుకెళ్లండి. నెక్ అంచున చెయ్యి జరిపి, ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి ఒక్కో స్వరం వినమనండి. ఎక్కడైనా ‘జీ’మన్నా, మూగబోయినా అదే మోడల్‌లో ఇంకోటి తీయమనండి. రెండు గిటార్లు ఒకేలా రావు. మిగిలిన డబ్బులో సెటప్‌కి కొంత, చిన్న ఆంప్‌కి కొంత పెట్టండి. నాసిరకం ఆంప్‌లో లక్షన్నర గిటార్ కూడా రేడియోలా మోగుతుంది.

ప్రశ్న: పదేళ్లు వాడిన మెక్సికో ఫెండర్ ముప్పై ఐదు వేలకి ఇస్తామంటున్నారు. అదే డబ్బుకి కొత్త గిటార్ మేలా?
– ఒక డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నెక్ బాగుంటే పాతదే తీసుకో బాబూ. మొదటి ఫ్రెట్‌నీ చివరి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో చూడు. విజిటింగ్ కార్డు మందం సందు ఉంటే నిశ్చింత. అంతకంటే బాగా ఎక్కువుంటే నెక్ వంపు సరిచేసే లోపలి రాడ్ తిరుగుతోందో లేదో తెలిసినవాళ్లతో చూపించు, అది బిగుసుకుపోయి ఉంటే వదిలెయ్. మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల కింద గుంటలు పడ్డాయా, బ్రిడ్జ్ (తీగలు రెండో చివర ఆనే ముక్క) స్క్రూలు తుప్పు పట్టాయా చూడు. మా ఊరి సముద్రపు గాలికి రెండేళ్లలోనే పట్టేస్తాయి. ఫ్రెట్లు మార్పించాల్సి వస్తే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడుగు.