నాన్నకు, చిన్నాన్నకు బ్లడ్ క్యాన్సర్.. మాకూ వస్తుందా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. నాకు 31 ఏళ్లు. మా నాన్నగారికి ఆరేళ్ల క్రితం క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని తేలింది. రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటూ పొలం పనులు చూసుకుంటున్నారు. ఇప్పుడు మా చిన్నాన్నకు మల్టిపుల్ మైలోమా అన్నారు. చెల్లెలిని మేనత్త కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నాం. ఒకే ఇంటి రక్తం కలిస్తే పుట్టే పిల్లలకు ఈ జబ్బు వస్తుందని బంధువులు భయపెడుతున్నారు. నేనూ చెల్లీ జన్యు పరీక్షలు చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు రెండు జబ్బుల పూర్తి పేర్లూ రాయడం చాలా మేలైంది. ఎక్కువమంది ‘బ్లడ్ క్యాన్సర్’ అని రాసి ఊరుకుంటారు. ఆ మాటను బట్టి వంశపారంపర్యం గురించి ఏమీ చెప్పలేం. లుకేమియాలు, లింఫోమాలు, మైలోమా అంటూ ఆ పేరు కింద పదుల సంఖ్యలో జబ్బులున్నాయి. వాటిలో కొన్ని ఒకే కుటుంబంలో కాస్త ఎక్కువగా కనిపిస్తాయి, కొన్నింటికి వంశంతో సంబంధమే ఉండదు. మీ నాన్నగారిది ఈ రెండో కోవకు చెందింది.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో ఎముక మూలుగలోని ఒకానొక మూలకణంలో 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము విరిగి, ఒకదాని ముక్క మరొకదానికి అతుక్కుంటుంది. అలా కురచబడిన 22వ క్రోమోజోమును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గుర్తించారు కాబట్టి దానికి ఆ ఊరి పేరే పెట్టారు. ముక్కలు తారుమారు కావడమే అసలు సంగతి అని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు. నాన్నగారి ఫైలు తిరగేస్తే ‘బీసీఆర్-ఏబీఎల్’ అనే మాట కనిపిస్తుంది. అది ఆ అతుకు పేరు. ఆయన దాన్ని పుట్టుకతో తెచ్చుకోలేదు, పెద్దయ్యాక మూలుగలో ఏర్పడింది. వీర్యకణాల్లో అది ఉండదు కనుక మీకు గానీ మీ చెల్లికి గానీ సంక్రమించే దారి లేదు. 1945లో హిరోషిమా, నాగసాకిలలో అణుబాంబు రేడియేషన్‌కు గురై బతికి బయటపడినవారిలో లుకేమియా పెరిగింది గానీ, ఆ తర్వాత వారికి పుట్టిన పిల్లల్లో పెరగలేదు. మూలుగకు తగిలిన దెబ్బ మూలుగతోనే ఆగిపోతుందనడానికి నాకు తెలిసి ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

చిన్నాన్నగారి జబ్బు సంగతి కొంచెం వేరు. మైలోమా అంటే మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్. తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఒకరికి మైలోమా ఉంటే, మిగిలినవారికి ఆ జబ్బు ముప్పు మామూలు కంటే ఇంచుమించు రెండింతలు ఉంటుంది. రెండింతలు అనగానే గుండె గుభేలుమంటుంది, కానీ ఇది మన దేశంలో ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. ఆ కొద్దిపాటి ముప్పే రెండింతలవుతుంది. పైగా ఈ లెక్క మీకంటే, ఆయనతో పుట్టిన మీ నాన్నగారికీ మేనత్తకూ వర్తిస్తుంది. మీ తరానికి వచ్చేసరికి అది ఇంకా పలచబడుతుంది.

మీది కనిగిరి ప్రాంతం అన్నారు కాబట్టి, అడగకపోయినా ఒక విషయం చెబుతాను. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కిడ్నీ జబ్బులూ ఎక్కువే. అందువల్ల నడుం నొప్పి అంటే ఫ్లోరైడ్ అనీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పెరిగితే నీళ్ల వల్లేననీ ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి మా డాక్టర్లు కూడా సరిపెట్టుకుంటారు. మైలోమా దెబ్బ కొట్టేది కూడా ఎముకల మీద, కిడ్నీల మీదే. యాభై దాటిన మనిషికి ఎంతకీ తగ్గని నడుం నొప్పి, హిమోగ్లోబిన్ పడిపోవడం, క్రియాటినిన్ పెరగడం కలిసి కనిపిస్తే, సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫొరెసిస్ అనే రక్తపరీక్ష అవసరమేమో డాక్టరును అడగండి. మీ మేనత్త విషయంలో ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోండి.

అన్నదమ్ములిద్దరికీ రెండు వేర్వేరు రక్త క్యాన్సర్లు రావడం యాదృచ్ఛికమే అయివుంటుందని నా అభిప్రాయం. స్వీడన్‌లో లక్షన్నర మందికి పైగా రోగులను, వారి దగ్గరి బంధువులను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, మొత్తం రక్త క్యాన్సర్లలో కుటుంబంతో ముడిపడినవి నూటికి సుమారు 4 మాత్రమేనని తేలింది. కుటుంబ ప్రభావం బాగా కనిపించేది క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియాలో. పేరు దగ్గరగా ఉన్నా మీ నాన్నగారిది అది కాదు.

ఇక మేనరికం. మీ ఇంట్లో ఉన్న ఈ రెండు జబ్బులూ మేనరికం వల్ల పిల్లలకు వచ్చేవి కావు, కాబట్టి బంధువులు చెప్పే కారణం సరికాదు. అలాగని మేనరికానికి నేను వత్తాసు పలకడం లేదు. ఫాంకోనీ ఎనీమియా వంటి కొన్ని జబ్బుల్లో, తల్లికీ తండ్రికీ ఒకే లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంటే వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు గానీ, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25 ఉంటుంది. మూలుగ ఎండిపోయి, కొందరిలో లుకేమియాగా మారే జబ్బు అది. దగ్గరి బంధువుల పెళ్లిలో ఇలాంటి లోపాలు కలిసే అవకాశం పెరుగుతుంది. ఇరువైపులా పసితనంలో పోయిన పిల్లలు, పుట్టుకతో బొటనవేలు లోపం ఉన్నవారు, చిన్నప్పటి నుంచి రక్తం ఎక్కించుకుంటున్నవారు ఉన్నారేమో పెద్దవాళ్లను అడిగి రాసుకుని, పెళ్లికి ముందే, వంశంలోని జబ్బుల ముప్పు గురించి నిపుణులు సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తహీనత జబ్బు) జన్యువు ఉందేమో చెప్పే క్యారియర్ పరీక్ష పెళ్లి చేసుకునే ఇద్దరికీ చేయించండి.

మీకు, చెల్లికి క్యాన్సర్ జన్యు పరీక్ష ఇప్పుడు అవసరం లేదు. ల్యాబులవాళ్లు ప్యాకేజీ అంటే డబ్బు తగలేయకండి. ఒకే వంశంలో ఇద్దరు ముగ్గురికి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా గానీ మైలోడిస్‌ప్లాసియా (మూలుగలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) గానీ వచ్చినా, ఇంట్లో చాలామందికి ఏళ్ల తరబడి ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నా, అప్పుడు ఆలోచించాలి. అలాంటప్పుడు కూడా జబ్బు వచ్చిన మనిషితోనే మొదలుపెడతాం. ఆయన రక్తంలో క్యాన్సర్ కణాలు కలిసివుంటాయి కాబట్టి చర్మం నుంచి చిన్న ముక్క తీసి పంపిస్తాం.

తగ్గని జ్వరం, మెడలోనో చంకలోనో గడ్డలు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే మీ ఇంట్లో ఎవరైనా సరే, కంప్లీట్ బ్లడ్ పిక్చర్ చేయించుకుని డాక్టరుకు చూపించాలి. నాన్నగారికి మూడు నుంచి ఆరు నెలలకోసారి చేసే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష తప్పనివ్వకండి. పెళ్లి పనుల్లో పడి ఆయన మాత్ర మరిచిపోకుండా చూసే బాధ్యత మీరు తీసుకోండి.