పోస్టు డబ్బా మీద మూడు ఇంటిపేర్లు

ప్రశ్న: మా వారికి జర్మనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, బ్లూ కార్డు, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, ఇస్తారట. మాకు ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప. ముందు టూరిస్టు వీసా మీద అందరం వెళ్లిపోయి అక్కడే మార్చుకోవచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. పైగా నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, టూరిస్టు వీసా సలహా ఇచ్చినవాళ్లకు ఓ నమస్కారం పెట్టి ఊరుకోండి. జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెన్‌గెన్ టూరిస్టు వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. మన పాస్‌పోర్టుతో వెళ్లినవాళ్లు దాన్ని అక్కడ నివాస అనుమతిగా మార్చుకోవడం సాధారణంగా కుదరదు. ఇంటికి తిరిగొచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, నలుగురి టిక్కెట్ల డబ్బూ గాలికి పోతుంది. మీరు అడగాల్సింది ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే డి రకం నేషనల్ వీసా, అందులో కుటుంబ సభ్యుల కింద. ఫీజు పెద్దవాళ్లకు 75 యూరోలు, పిల్లలకు సగం.

భాష గురించి బెంగ వద్దు. మామూలుగా భర్త దగ్గరికి వెళ్లే భార్య ఏ1 స్థాయి (మొట్టమొదటి మెట్టు) జర్మన్ పరీక్ష సర్టిఫికెట్ చూపించాలి కానీ, బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్యలకు ఆ షరతు లేదు. మీరు అక్కడ ఉద్యోగం కూడా చేసుకోవచ్చు, విడిగా పర్మిట్ అక్కర్లేదు. అయినా కాస్త నేర్చుకునే వెళ్లండి. నేను నేర్చుకోకుండా వెళ్లి, మొదటి చలికాలమంతా ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వేయాలో పక్కింటి పెద్దావిడ సైగలతో చెబితే తెలుసుకున్నాను.

మీ ఉత్తరంలో అసలు సంగతి చివరి రెండు మాటల్లో ఉంది. పేర్లు. మన వీసా పనులు ఎక్కువగా ఆగేది ఇక్కడే, డబ్బు దగ్గరో చదువు దగ్గరో కాదు. నా సంగతే చెబుతాను. పాస్‌పోర్టులో నా పేరు రెండు ముక్కలుగా ఉంది, పెళ్లి సర్టిఫికెట్‌లో కలిపి రాశారు, పైగా ఒక ‘హెచ్’ ఎక్కువ పడింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పెన్సిల్ మొనతో ఒక్కో అక్షరం జరుపుకుంటూ వచ్చి, ఆ ‘హెచ్’ దగ్గర ఆగింది. నా మొహం చూసింది. అంతే, ఫైలు వెనక్కి. మళ్లీ అపాయింట్‌మెంట్ దొరకడానికి రెండు నెలలు పట్టింది.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధన మన దేశంలో లేదు. కాబట్టి మీ పాస్‌పోర్టు జోలికి వెళ్లకండి. పెళ్లి సర్టిఫికెట్‌నే రిజిస్ట్రార్ ఆఫీసులో పాస్‌పోర్టుకు తగ్గట్టు సరిచేయించండి. ‘ఇద్దరూ ఒకరే’ అని నోటరీ అఫిడవిట్ చేయించుకుంటే చాలని ఏజెంట్లు అంటారు. నాకైతే దాని మీద నమ్మకం లేదు. సర్టిఫికెట్ సరిగ్గా ఉంటే వివరణలు చెప్పుకునే పనే ఉండదు. పాప పేరు కూడా బర్త్ సర్టిఫికెట్‌లో ఇప్పుడే చేర్చించండి. ఆ ఖాళీ గడితో తల్లీబిడ్డల సంబంధం నిరూపించుకోవడం పెద్ద తలనొప్పి.

పిల్లల దరఖాస్తుల మీద తల్లిదండ్రులిద్దరి అనుమతీ కావాలి. మీ వారు ముందే విమానం ఎక్కేస్తే ఆ సంతకాల కోసం కొరియర్ల చుట్టూ తిరగాలి, అందుకని ఆయన ఉండగానే పెట్టించుకోండి. పిల్లల పాస్‌పోర్టులు తీసి చూడండి. మనవాళ్లు పిల్లలకు ఐదేళ్లకే ఇస్తారు కాబట్టి బాబుది అయిపోవస్తూ ఉండొచ్చు. పాస్‌పోర్టు గడువు దాటి నివాస కార్డు ఇవ్వరు.

ఇంకో మాట. మీ వారి కంపెనీని ఫాస్ట్‌ట్రాక్ పద్ధతి గురించి అడగమనండి. కంపెనీ అక్కడి విదేశీయుల కార్యాలయంలో 411 యూరోలు కట్టి దరఖాస్తు చేస్తే, వీసాకు ముందస్తు సమ్మతి వస్తుంది, మిమ్మల్నీ పిల్లల్నీ అందులోనే కలపొచ్చు. చాలా కంపెనీలు అడిగితే చేస్తాయి, అడగకపోతే మాత్రం వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పాస్‌పోర్టులో అంటించే వీసా మీద కొన్ని నెలల గడువే కనిపిస్తుంది. చూసి కంగారు పడొద్దు, అది లోపలికి వెళ్లడానికి మాత్రమే. అక్కడికి వెళ్లాక విదేశీయుల కార్యాలయంలో అసలు నివాస కార్డుకు పెట్టుకోవాలి. దిగిన రోజు నుంచి ఆరోగ్య బీమా చూపించాలి. తర్వాత మీ వారు ప్రభుత్వ బీమాలో చేరితే, మీకు సంపాదన లేనంత కాలం మీకూ పిల్లలకూ అదనంగా కట్టక్కర్లేదు. ప్రైవేటు బీమాలో అయితే ఒక్కొక్కరికీ విడిగా కట్టాలి, జీతం బాగుందని అటు మొగ్గొద్దు. పిల్లల టీకాల కార్డు చేతిసంచిలోనే పెట్టుకోండి. 2020 మార్చి నుంచి అక్కడ తట్టు టీకా రెండు డోసులూ వేసినట్టు చూపించకపోతే పాపను కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు, బాబు బడిలోనూ అడుగుతారు.

ఇంట్లోకి దిగిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. మీరు ఆ ఇంట్లో ఉంటున్నారని ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం లేకుండా అది అవ్వదు. అద్దె మాట్లాడేటప్పుడే ఆ కాగితం ఇస్తారా అని అడగండి, కొంతమంది నసుగుతారు.

ఆ నమోదు అయ్యాక పన్ను నంబరు పోస్టులో వస్తుంది. మాకు మా ఆయనది వచ్చింది, నాది రాలేదు. నెల గడిచింది. ఆఫీసుకు వెళ్లి అడిగితే, పంపించాం, తిరిగొచ్చింది అన్నారు. కింద పోస్టు డబ్బా మీద మా ఆయన ఇంటిపేరు ఒక్కటే రాసి ఉంది. అక్కడ పోస్ట్‌మన్ ఫ్లాటు నంబరు చూడడు, డబ్బా మీద పేరు చూస్తాడు. నా పుట్టింటి పేరు అక్కడ లేదు కాబట్టి, అతని లెక్కలో ఆ ఇంట్లో నేను లేను. మా బాబు పాస్‌పోర్టులో వాడి రెండో పేరే ఇంటిపేరుగా పడింది. చివరికి చిన్న కాగితం మీద మూడు ఇంటిపేర్లు బాల్‌పెన్నుతో రాసి డబ్బా మీద టేపుతో అంటించాను. మర్నాడు పక్కింటి పెద్దావిడ దాన్ని చూసి, మీ ఇంట్లో ఎన్ని కుటుంబాలు ఉంటున్నాయని సైగ చేసింది.