బండిలో సీట్లను కాదు, మగ్గం గదిని చూసి బృందాన్ని లెక్కపెట్టండి

హైదరాబాదు నుంచి పది పన్నెండు మందిని వ్యానులో తీసుకువచ్చి పోచంపల్లి వైపు చేనేత గ్రామాలను చూపించాలనుకుంటున్నామని, ఊరివాళ్లకు ఇబ్బంది కలగకుండా, వారికీ నాలుగు డబ్బులు మిగిలేలా ఆ యాత్రలను ఎలా నడపాలని మీరు అడిగారు. నల్లగొండలో ఉంటూ కొన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి, నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

నా మొదటి యాత్రకు పద్దెనిమిది మంది వచ్చారు. బండిలో పద్దెనిమిది సీట్లు ఉన్నాయి కాబట్టి అంతమందిని ఎక్కించాను, అంతకుమించి ఏ లెక్కా వేయలేదు. మేము వెళ్లిన ఇంట్లో గుంటమగ్గం (నేసేవారు కాళ్లు దించుకునే గుంట ఉన్న మగ్గం), దాని ముందు సాగదీసిన పడుగు, అంటే చీర నిలువు పోగులు, తీసేయగా మిగిలిన జాగాలో నలుగురు నిలబడితే ఐదో మనిషికి చోటు లేదు. వెనుకవాళ్లు ముందుకు తోసుకువస్తుంటే ఒకాయన భుజాన ఉన్న సంచి పడుగుకు తగిలి పోగులు తెగాయి. ఇంటాయన "ఏం కాదులే సార్" అని నవ్వి ఊరుకున్నారు. తెగిన పోగులను వెతికి ఒక్కొక్కటే అతికేసరికి పొద్దుగూకిందని, ఆ రోజు నేత సాగనే లేదని వారం తర్వాత ఇంటావిడ చెబితే గానీ నాకు తెలియలేదు. వారికి నేను ఇచ్చి వచ్చింది ఒక మిఠాయి డబ్బా.

అప్పటి నుంచి ఎనిమిది మందికి మించి తీసుకువెళ్లడం లేదు. వారిని కూడా రెండు జట్లు చేసి, ఒక జట్టు మగ్గం దగ్గర ఉన్నప్పుడు రెండో జట్టును చిటికి కట్టే ఇంటికి, అంటే రంగు వేసేముందు నూలును డిజైను ప్రకారం బిగించి కట్టే ఇంటికి, పంపుతాను. నిజం చెప్పాలంటే చూడవలసిన పని అక్కడే ఎక్కువ. ఆసు అనే చట్రం మీద పోసిన నూలు మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరాక విప్పి, మరో రంగు కోసం మళ్లీ కట్టడం చూసిన తర్వాత, మగ్గం ఎక్కకముందే చీర సగం తయారైందని ఎవరికైనా అర్థమవుతుంది.

డబ్బు విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. "మా వాళ్లు చీరలు కొంటారు కదా, అదే వారికి లాభం" అనుకుంటారు. కానీ చాలామంది నేతన్నలకు నూలు, డిజైను ఇచ్చేది మాస్టర్ వీవరో (పని ఇచ్చి నేయించుకునే ఆసామి), నేతన్నల సహకార సొసైటీయో. ఏడెనిమిది చీరల పడుగు నేసి అప్పగిస్తే మజూరీ (నేత కూలి) వస్తుంది తప్ప మగ్గం మీద ఉన్న చీర వారిది కాదు. "ఇది మాకే ఇచ్చెయ్యండి" అని పదిమంది ముందు అడిగితే ఆయన ఔననలేరు, కాదనలేరు. అందుకే ఆ పూట నేసి ఉంటే ఎంత మజూరీ వచ్చేదో ముందే కనుక్కొని, అంతకు తగ్గకుండా వెళ్లగానే చేతికిస్తాను; యాత్రికులు కొన్నారా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. కొనదలచిన వారిని సొసైటీ దుకాణానికో, సొంత నూలుతో నేసుకునే వారి దగ్గరకో తీసుకువెళతాను. నూటికి ఇంత అని కమీషన్ ఇస్తామనే దుకాణాలు మీకూ ఎదురవుతాయి. ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మీరు చూపించేది ఊరిని కాదు, ఆ దుకాణాన్ని.

2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. వినోబా భావే 1951 ఏప్రిల్ 18న తొలి భూదానం అందుకున్న ఊరు కూడా అదే కాబట్టి అక్కడికి వచ్చేవారు ఎలాగూ వస్తారు. నేను ఎక్కువగా పుట్టపాక అనే మరో చేనేత గ్రామానికి వెళతాను. అక్కడ నేసే తేలియా రుమాలు అనే చిటికి గుడ్డ కోసం నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. ఆ నూనె వాసన వాకిట్లోనే తెలుస్తుంది. ఒక్కో ఇంటికి నెలకు రెండుసార్లకు మించి వెళ్లను. ముసురు పట్టిన రోజుల్లో గుంటల్లో నీరు ఊరి మగ్గాలు ఆగిపోతాయి కాబట్టి, నడవని మగ్గాన్ని మన కోసం ఆడించి చూపమనడం బాగుండదని ఆ నెలల్లో యాత్రలే పెట్టను.

ఇంకొక మాట. మా జిల్లా పేరు వినగానే ఫ్లోరైడ్ గుర్తుకువచ్చి, "మర్రిగూడ వైపు వెళ్లి బాధితులను చూద్దామా" అని అడిగేవారు అప్పుడప్పుడు తగులుతారు. వంగిన ఎముకలతో బతుకీడుస్తున్న మనిషి గుమ్మం ముందు బండి ఆపి ఫొటోలు తీయించే పని నేను చేయను, ఆ మాట డబ్బు తీసుకోకముందే చెబుతాను. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల (చెంచుల గూడేల) విషయంలోనూ నాది ఇదే పద్ధతి: అటవీ శాఖ అనుమతించిన సఫారీ వరకే వెళతాం. చూడవచ్చినవాళ్ల తాకిడికి ఏమవుతుందో చెప్పడానికి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2017 చివర్లో కొమ్మ విరిగిపడి సందర్శకులను ఆపేశారు, మరుసటి ఏడు చెదలు చంపడానికి మానుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఆ ఊడలు పట్టుకుని ఊగినవాళ్లలో చిన్నప్పుడు నేనూ ఒకణ్ణి.

నీళ్లకు ఇరవై లీటర్ల క్యాను బండిలోనే పెట్టుకుని, ఎవరి సీసా వారినే తెచ్చుకోమనండి. భోజనం ఊళ్లోనే ఒక ఇంట్లో ముందురోజు చెప్పి వండించుకోండి. ఆ ముందురోజు సాయంత్రమే మగ్గం ఇంటికీ ఫోను చేసి, "రేపు రావచ్చా" అని అడగండి. ఇంట్లో పెళ్లో దినమో ఉండి వద్దంటే మరో ఇల్లు చూసుకోవాలి కాబట్టి కనీసం మూడు ఇళ్లతో పరిచయం పెంచుకోండి. అన్నిటికంటే ముందు, టికెట్ ధర ప్రకటించకముందే, మీరొక్కరే వెళ్లి ఆ గదిలో ఒక పూట కూర్చుని రండి. ఎందరు పడతారో, ఎంత ఇవ్వాలో అక్కడే తేలుతుంది.