పిల్లలకు బైబిలు కథలు చెబితే చాలదా, క్రైస్తవ కీర్తనలు కూడా ఎందుకు నేర్పాలి?

కథలు తప్పకుండా చెప్పాలి. అయితే విన్న కథను పిల్లలు తమ మాటల్లోకి మార్చుకుంటారు. పాటలో రాగం పదాలను వరుస తప్పనివ్వదు. అందుకే చదవడం రాని వయసులోనే విశ్వాసానికి మూలమైన మాటలు యథాతథంగా నోటికి వస్తాయి. కొలొస్సయులకు రాసిన పత్రికలో (3:16) పౌలు కీర్తనలతో ఒకరికొకరు బోధించుకోమన్నాడు. అంటే పాట ఆరాధన మాత్రమే కాదు, బోధ కూడా.

దీన్ని చక్కగా గ్రహించిన రచయిత్రి సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్. క్రైస్తవులు నమ్మేదాన్ని క్లుప్తంగా చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలోని వాక్యాలు పిల్లలకు అర్థం కావాలని పాటలు రాసి 1848లో ప్రచురించారు. సృష్టికర్తను గురించిన మాటకు పూలు, పక్షులు, నది కనిపించే పాట. సిలువ శ్రమకు పట్టణం వెలుపలి పచ్చని కొండ పాట.

అర్థం మాత్రం పెద్దలే విప్పి చెప్పాలి. మా పాప ఐదేళ్లప్పుడు ఒక కీర్తనను తప్పు లేకుండా పాడి, "కృప అంటే ఎవరమ్మా?" అని అడిగింది. ఎవరో అమ్మాయి పేరనుకుంది! అంతకుముందు రోజు తను గాజు గ్లాసు పగలగొట్టినా నేను కోప్పడకుండా దగ్గరకు తీసుకున్న సంగతి గుర్తుచేసి, అలాంటిదే కృప అన్నాను. కాసేపు ఆలోచించి, ఆ చరణం మళ్లీ పాడింది, ఈసారి నెమ్మదిగా.

వారానికి ఒక్క చరణం చాలు. పడుకునే ముందు మీరూ గొంతు కలపండి, ఒక్క మాటకు అర్థం చెప్పండి. సంఘంలో పెద్దలు పాడే కీర్తనలు కూడా నేర్పితే, ఆరాధనలో పిల్లలు మీ పక్కన నిలబడి పాడతారు.