వంటింటి వీడియోలో చారలు, కొత్త ఫోన్ కొనాలా?

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట. మా అత్తమ్మ మామిడికాయ వేసి చేసే చేపల పులుసు ఫోన్‌లో వీడియో తీశాను. నల్లటి చారలు జారుతున్నట్టు పడ్డాయి, ఆవిడ మాటలు సరిగ్గా వినపడలేదు, వాట్సాప్‌లో మా ఆడపడుచుకి పంపితే మసకగా వెళ్ళింది. ఇరవై వేలు పెట్టి కొత్త ఫోన్ కొనమంటారా? అసలు వీడియో ఎలా తయారవుతుందో మొదటి నుంచి చెప్పండి. (ఒక పాఠకురాలు)

జవాబు: కొనొద్దమ్మా. మీరు చెప్పిన మూడింటిలో ఏ ఒక్కటీ ఫోన్ తప్పు కాదు.

వీడియో అంటే వరసగా తీసిన ఫొటోలే. సెకనుకి 24, 25, లేదా 30 ఫొటోలు వెంట వెంట కనపడితే మన కంటికి కదిలినట్టే ఉంటుంది. ఒక్కో ఫొటోని ఫ్రేమ్ అంటాం. ఫోన్ కెమెరా ఆ ఫ్రేమ్‌ని ఒక్క దెబ్బకి తీయదు, పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా చదువుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపులో రెండుసార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది కాబట్టి పాత చోకు ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. కంటికి తెలియదు గానీ, కెమెరా చదివే గీతల్లో కొన్ని వెలుగులోనూ కొన్ని మసకలోనూ పడతాయి, అవే మీ చారలు. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునే పద్ధతి) ఉంటే షట్టర్‌ని, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు తీసుకునే సమయాన్ని, సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెట్టండి, ప్రతి గీతకీ వెలుగు సమానంగా అందుతుంది. అది లేదా, లైటు ఆపేసి పగలు కిటికీ పక్కన పొయ్యి పెట్టుకోండి. నన్నడిగితే ఇదే మేలు, పక్కనుంచి వెలుగు పడితే పులుసు మీద లేచే ఆవిరి కూడా కనపడుతుంది.

ఇక మాటలు. బొమ్మ కాస్త బాగోకపోయినా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగరు, అందుకే నేను దీని గురించి ఇంత గట్టిగా చెబుతున్నా. ఫ్యాన్ ఆపండి, మిక్సీ పని ముందే కానివ్వండి. మైకు నోటికి దగ్గరగా ఉండాలి. ఇంట్లో రెండో ఫోన్ ఉంటే రికార్డర్ ఆన్ చేసి అత్తమ్మ పక్కన గట్టు మీద పెట్టి, మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టండి. తర్వాత ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమ్ దగ్గరికి ఆ చప్పుడు జరిపితే మాట, పెదవి సరిపోతాయి.

మసక సంగతి లెక్కేసి చూద్దాం. ఫుల్ హెచ్‌డీలో ఒక్క ఫ్రేమ్‌కి 1920 × 1080, అంటే దాదాపు 20.7 లక్షల చుక్కలు. చుక్కకి మూడు బైట్లు, సెకనుకి 25 ఫ్రేములు అనుకుంటే సెకనుకే 155 ఎంబీ, నిమిషానికి 9 జీబీ దాటుతుంది! ఏ ఫోన్ మోస్తుంది? అందుకని కోడెక్ అనేది దాన్ని కుదిస్తుంది. 2003లో వచ్చిన హెచ్.264 అనే కోడెక్ ఇప్పటికీ వాడుకలో ఉంది. వెనక గోడ మారలేదు కదా, దాన్ని మళ్ళీ మళ్ళీ రాయకుండా గరిటె కదిలిన చోటే రాసుకుంటుంది. చేతిలో ఫోన్ వణికితే గోడ కూడా కదిలినట్టే లెక్క, పని పెరిగి బొమ్మ చెడుతుంది. కాబట్టి ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టండి. వాట్సాప్ పైనుంచి ఇంకా కుదిస్తుంది, అందుకని ఆడపడుచుకి డాక్యుమెంట్‌గా పంపండి.

ఈసారి చింతపండు పిసికే దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో పనినీ పది సెకన్లు కదలకుండా తీయండి, పులుసు తెర్లేటప్పుడు దాక దగ్గరికి వెళ్ళి ఇంకో ముక్క. మర్నాడు అన్నంలోకి వేసుకునేటప్పుడు కూడా కాస్త తీయండి, పులుసు ముక్కకి పట్టేది అప్పటికే.